కరెంటు పోయి వచ్చాక: అండమాన్ ఇళ్లలో స్మార్ట్ ప్లగ్ పనితీరు

ఇంట్లో ఎవరూ లేని వేళ కరెంటు పోయి, కొంతసేపటికి తిరిగి వచ్చిందనుకుందాం. గోడకున్న మామూలు స్విచ్చి పోకముందు ఎలా ఉందో వచ్చాక కూడా అలాగే ఉంటుంది. వేసి ఉంటే దీపం వెలుగుతుంది, ఆర్పి ఉంటే చీకటిగానే ఉంటుంది. స్మార్ట్ ప్లగ్ విషయంలో సమాధానం ఇంత సూటిగా ఉండదు. అది దీపాన్ని వెలిగించవచ్చు, ఆర్పి ఉంచవచ్చు, లేదా వేళ మరచిపోయి ఏ ఆదేశాన్నీ పాటించకుండా ఊరుకోవచ్చు. నిరంతరాయంగా విద్యుత్తు, ఇంటర్నెట్ అందే మహానగరంలో ఇది చిన్న అసౌకర్యమే. సముద్రం మధ్య, దేనికదే వేరుగా నడిచే విద్యుత్ వ్యవస్థలున్న అండమాన్ నికోబార్ దీవులలో మాత్రం ఈ పరికరాన్ని కొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే.

స్మార్ట్ ప్లగ్ అనేది గోడ సాకెట్టుకూ ఉపకరణం తీగకూ మధ్య అమర్చే చిన్న పెట్టె. దాని లోపల ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మొదటిది 230 వోల్టుల విద్యుత్తును కొద్దిపాటి వోల్టులకు తగ్గించే సర్క్యూట్. రెండవది వైఫై ద్వారా ఆదేశాలు అందుకునే చిప్. మూడవది ఆ ఆదేశం మేరకు కరెంటును కలిపే, విడదీసే రిలే. యాప్‌లో వేలు తాకగానే ప్లగ్గులోంచి ‘టక్’మని వినిపించేది ఈ రిలే చప్పుడే. కొన్ని రకాలలో వాడిన విద్యుత్తును కొలిచే ఏర్పాటు కూడా ఉంటుంది. దాదాపు అన్నిటికీ పక్కన ఒక బొత్తం ఉంటుంది. ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ఆ బొత్తం పనిచేస్తుంది. యాప్ వాడని పెద్దవారికి ఇంట్లో ఎవరైనా మొదట చూపించవలసింది ఈ బొత్తాన్నే.

కేబుల్ వచ్చిన తర్వాత

దీవులలో ఇటువంటి పరికరాల గురించి మాట్లాడుకోవడం సాధ్యమైంది ఇటీవలి కాలంలోనే. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ చెన్నై–అండమాన్ నికోబార్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రారంభించారు. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. బీఎస్ఎన్ఎల్ అమలు చేసిన ఈ ప్రాజెక్టు చెన్నైని అప్పటి పోర్ట్ బ్లెయిర్‌తోను, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లతోను కలిపింది. పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చింది.

అంతకుముందు దీవులకు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల ద్వారానే అందేది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆదేశం అంత ఎత్తుకు వెళ్లి దిగి, సమాధానం మళ్లీ అదే దారిన రావడానికి అర సెకను పడుతుంది. ఆ ఆలస్యం దీపం వెలిగించడానికి పెద్ద అడ్డంకి కాదు. పరిమితమైన సామర్థ్యాన్ని అందరూ పంచుకోవలసి రావడమే అసలు ఇబ్బందిగా ఉండేది. కేబుల్ రాకతో ఆ కొరత చాలావరకు తీరి, ఫైబర్ కనెక్షన్, రౌటర్, ఇంటింటి వైఫై సాధారణ విషయాలయ్యాయి.

అయితే వేగం వేరు, ఎడతెగకుండా ఉండడం వేరు. కేబుల్ రాకతో వేగం పెరిగింది. వీధిలో ఫైబర్ తెగినా, తుపాను గాలికి స్తంభం ఒరిగినా, ఇంట్లో రౌటర్‌కు కరెంటు లేకపోయినా ఇంటర్నెట్ ఆగిపోవడం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఏ దీవి కరెంటు ఆ దీవిదే

ప్రధాన భూభాగపు జాతీయ గ్రిడ్‌తో అండమాన్ నికోబార్‌కు అనుసంధానం లేదు. దీవులన్నిటినీ కలిపే ఉమ్మడి గ్రిడ్ కూడా లేదు. విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. ఆ డీజిల్ మొత్తం ఓడల మీద రావలసిందే. ఒక లీటరు డీజిల్‌కు సుమారు మూడున్నర నుంచి నాలుగు యూనిట్ల విద్యుత్తు ఉత్పత్తి అవుతుంది. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ దగ్గర 5.25 మెగావాట్ల కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. శ్రీ విజయపురం పరిసరాలలో ఎన్ఎల్‌సీ సంస్థ 20 మెగావాట్ల సౌర విద్యుత్తును, దానికి అనుబంధంగా 8 మెగావాట్-గంటల బ్యాటరీ నిల్వను ఏర్పాటు చేసింది.

చిన్న గ్రిడ్‌కు ఒక స్వభావం ఉంది. ఒక జనరేటర్ ఆగితే ఆ లోటును పూడ్చడానికి పక్క రాష్ట్రం ఉండదు. కొన్ని వీధులకు సరఫరా నిలపవలసి వస్తుంది. సరఫరాను పునరుద్ధరించే క్షణం కూడా సున్నితమైనదే. వేడెక్కిన ఫ్రిజ్‌లు, ఆగిపోయిన ఏసీలు, మోటార్లు అన్నీ ఒక్కసారిగా లాగడం మొదలుపెడతాయి. పోకముందున్న భారం కంటే వచ్చిన తర్వాతి భారం కొంతసేపు ఎక్కువగా ఉంటుంది. సిబ్బంది ఒక్కో ఫీడర్‌నే కలుపుతూ రావడానికి ఇది ఒక కారణం.

స్మార్ట్ ప్లగ్ యాప్‌లోని ఒక చిన్న ఎంపికకు ఇక్కడే ప్రాముఖ్యం ఏర్పడుతుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ప్లగ్ ఏ స్థితిలో ఉండాలో చెప్పే అమరిక అది. సాధారణంగా అందులో మూడు మార్గాలుంటాయి. ఆర్పిన స్థితిలోనే ఉండడం, వేసిన స్థితికి రావడం, కరెంటు పోయేముందు ఎలా ఉందో అలాగే ఉండడం. పెట్టెలో ఎలా వస్తే అలాగే వదిలేసేవారే ఎక్కువ. ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు, వేడినీళ్ల రాడ్ వంటివాటికి ‘ఆర్పి ఉంచు’ అన్నది తప్ప మరొకటి పనికిరాదు. ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోయి, ఇంటివారు తాళం వేసి బజారుకు వెళ్లి, వాళ్లు లేని సమయంలో కరెంటు వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. రౌటర్ ఉన్న ప్లగ్గుకు దీనికి విరుద్ధంగా ‘వేసి ఉంచు’ అన్నదే సరైనది. లేకపోతే దాన్ని తిరిగి వేయడానికి కావలసిన ఇంటర్నెట్ దానిలోనే చిక్కుకుపోతుంది. నిజానికి రౌటర్‌ను స్మార్ట్ ప్లగ్గుకు తగిలించకపోవడమే మేలు.

గడియారం ఎక్కడుంది?

సాయంత్రం దీపం తనంతట తాను వెలగాలన్న కోరికతోనే ఎక్కువ మంది ఈ పరికరాన్ని కొంటారు. దీవుల నుంచి సంక్రాంతికి స్వగ్రామం వెళ్లే కుటుంబాల సంగతి చూస్తే ఈ కోరికకు బలమైన కారణమే కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో అనేకం. విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, ఓడ మీద రెండు రోజులకు పైగా ప్రయాణం. ఓడలు రోజూ ఉండవు కనుక ఇంటికి తాళం పడితే అది వారాల మీద మాటే. వీధి వాకిట్లో దీపం వెలుగుతూ ఉంటే ఇంట్లో మనుషులున్నట్లు కనిపిస్తుంది. మూడు రోజులు వరుసగా చీకటిగా ఉన్న ఇల్లు ఖాళీగా ఉందని ఎవరికైనా అర్థమవుతుంది.

స్మార్ట్ ప్లగ్ ఈ పనిని సాధారణ పరిస్థితులలో చక్కగా చేస్తుంది. చాలా రకాలు ఏ వేళకు వెలగాలో, ఎప్పుడు ఆరాలో తమలోనే దాచుకుంటాయి. అందువల్ల కొద్దిసేపు ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. కానీ చాలా ప్లగ్గులలో గడియారాన్ని నిలబెట్టే బ్యాటరీ ఉండదు. కరెంటు పోగానే వేళ చెరిగిపోతుంది. కరెంటు తిరిగి రాగానే ప్లగ్ మొదట రౌటర్‌ను వెతుక్కుని, ఇంటర్నెట్ ద్వారా వేళ తెలుసుకుంటుంది. కరెంటు వచ్చి ఇంటర్నెట్ రాని పక్షంలో సాయంత్రం ఆరుకు వెలగాలన్న ఆదేశం దానికి గుర్తుంటుంది గాని, ఇప్పుడు ఆరయిందో లేదో తెలియదు. తుపాను రోజులలో ఈ రెండూ కలిసి పోయి, వేర్వేరుగా తిరిగి రావడం సహజం. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు రౌటర్‌ను కూడా ఆర్పి వెళ్లే అలవాటున్నవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒక్కసారి కరెంటు పోయి వచ్చిందంటే ఆ తర్వాత ప్లగ్ వేళ తెలియకుండానే ఉండిపోతుంది.

వేళ విషయంలో దీవులకు మరొక ప్రత్యేకత ఉంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. శ్రీ విజయపురం దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉంది. అందువల్ల గడియారం ఒకటే అయినా సూర్యుడు అక్కడ సుమారు 40 నిమిషాల ముందు నడుస్తాడు. జూన్‌లో తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలోనే సూర్యోదయం. డిసెంబరు తొలి రోజులలో సాయంత్రం 5 కూడా కాకుండానే సూర్యాస్తమయం. అదే రోజులలో విశాఖపట్నంలో 5 గంటల 20 నిమిషాలు దాటితే గాని పొద్దుగూకదు. హైదరాబాద్‌లో 5 గంటల 40 నిమిషాలవుతుంది. హైదరాబాద్‌లో ఉన్న కుమారుడు తన ఫోన్‌లో యాప్ పెట్టుకుని, అమ్మానాన్నల ఇంటి దీపాన్ని ‘సూర్యాస్తమయానికి’ వెలగమని నిర్దేశిస్తే, యాప్‌లో ఇంటి స్థానం హైదరాబాద్‌గా నమోదై ఉండవచ్చు. అప్పుడు వాకిలి దాదాపు ముప్పావు గంట చీకట్లో ఉంటుంది. యాప్‌లో ఇంటి స్థానాన్ని మార్చుకోవడానికి నిమిషం చాలు.

ఇంతా చెప్పాక ఒక సంగతి ఒప్పుకోవాలి. వాకిట దీపం ఒక్కటే అవసరమైతే, వెలుతురును బట్టి తానే వెలిగి ఆరే సెన్సర్ బల్బు దీనికన్నా నమ్మకమైనది. దానికి వైఫై అక్కరలేదు, గడియారం అక్కరలేదు, యాప్ అక్కరలేదు. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా చీకటి పడితే వెలుగుతుంది. ధర కూడా సాధారణంగా తక్కువే.

వేటికి పనికివస్తుంది

గృహ ఉపకరణాలకు మన దేశంలో రెండు పరిమాణాల సాకెట్లున్నాయి. చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. 230 వోల్టుల వద్ద లెక్కిస్తే చిన్నదాని గరిష్ఠ సామర్థ్యం 1,380 వాట్లు, పెద్దదాని సామర్థ్యం 3,680 వాట్లు. ఈ రెంటికీ మధ్యస్థంగా 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గులు ఎక్కువగా అమ్ముడవుతాయి. వాటి హద్దు 2,300 వాట్లు. టేబుల్ ల్యాంపు, టీవీ, సెట్‌టాప్ బాక్సు, టేబుల్ ఫ్యాను, దోమల మందు యంత్రం వంటివి వీటి హద్దులో సునాయాసంగా ఇముడుతాయి. 2,000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. కాగితం మీద అది 10 ఆంపియర్లకు లోపలే. అయినా గంటల తరబడి హద్దుకు దగ్గరగా నడిచే ఉపకరణానికి 16 ఆంపియర్ల ప్లగ్గునే వాడాలి.

పైకప్పు ఫ్యాన్లు, గోడ దీపాలు ప్లగ్గుకు తగిలించేవి కావు. వాటికి స్విచ్‌బోర్డు లోపల అమర్చే స్మార్ట్ స్విచ్చి గాని, స్మార్ట్ బల్బు గాని కావాలి. స్మార్ట్ స్విచ్చికి సాధారణంగా న్యూట్రల్ తీగ అవసరం. అదే బోర్డులో సాకెట్టు కూడా ఉంటే ఆ తీగ అక్కడ ఉన్నట్లే. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించవలసినది.

ఏసీని స్మార్ట్ ప్లగ్గుతో అర్ధంతరంగా ఆర్పడం మంచిది కాదు. దానికి రిమోట్ సంకేతాలను అనుకరించే చిన్న పరికరం వేరుగా దొరుకుతుంది. ఆక్సిజన్ యంత్రం, నెబ్యులైజర్ వంటి వైద్య పరికరాలను స్మార్ట్ ప్లగ్ మీద ఎట్టి పరిస్థితిలోనూ ఉంచరాదు.

ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి. జంగ్లీఘాట్ వంటి చోట్ల చేపల వ్యాపారంలో ఉన్న ఇళ్లకు ఫ్రీజర్ ఆగడమంటే ఒక రోజు సంపాదన పాడవడమే. ఇన్సులిన్ నిల్వ ఉంచుకునే ఇంటికి ఫ్రిజ్ అంతకన్నా ముఖ్యం. విద్యుత్తును కొలిచే స్మార్ట్ ప్లగ్ ఇక్కడ కాపలాదారుగా ఉపయోగపడగలదు. ఫ్రీజర్ గంటల తరబడి ఏమీ లాగకపోతే, లేదా ఆగకుండా లాగుతూనే ఉంటే యాప్‌లో తెలుస్తుంది. మూత సరిగా పడకపోయినా, గ్యాసు తగ్గినా ఆ తేడా ముందుగా కనిపించేది ఈ లెక్కలోనే. కానీ కరెంటు పోయిందన్న కబురును ప్లగ్ పంపలేదు. కరెంటు పోతే అది కూడా నిర్జీవమే. దాని నుంచి చప్పుడు లేదని గమనించి కంపెనీ సర్వర్ చెప్పాలి. ఇంటర్నెట్ పోయినా అదే సందేశం వస్తుంది. కాబట్టి ‘పరికరం అందుబాటులో లేదు’ అన్న సందేశానికి కరెంటు పోయిందని ఒక అర్థం, నెట్ పోయిందని మరొక అర్థం. రౌటర్‌కు ఇన్వర్టర్ గాని చిన్న యూపీఎస్ గాని ఉంటే ఈ రెంటినీ వేరు చేసి గుర్తించవచ్చు. ఇన్వర్టర్ మీదున్న ఒక ప్లగ్ పలుకుతూ, ఫ్రీజర్ ప్లగ్ పలకకపోతే పోయింది కరెంటే.

ఫ్రీజర్‌కు మరో నియమం కూడా ఉంది. ఆగిన కంప్రెసర్‌ను కనీసం మూడు నిమిషాల వ్యవధి ఇవ్వకుండా తిరిగి నడపరాదు. ప్లగ్గును టకటకా వేసి ఆర్పే అవకాశం ఇంట్లో పిల్లల ఫోన్లలో లేకుండా చూసుకోవాలి.

నీళ్ల మోటారు

శ్రీ విజయపురానికి ప్రధాన నీటి వనరు ధనిఖారీ జలాశయం. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట కూడా ఎండాకాలం చివర నీటి కొరత తప్పదు. రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా నీళ్లు వదిలినప్పుడు తొట్టి నింపుకుని, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కించుకోవడం అక్కడి ఇళ్లలో నిత్యకృత్యం. దీన్ని ప్లగ్గుకు అప్పగించాలన్న ఆలోచన సహజమే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది మోటారు స్వభావం. ఒక హార్స్ పవర్ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 1,000 నుంచి 1,100 వాట్లు తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ తాకిడికి రిలే లోపలి లోహపు కొనలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదముంది. అలా అతుక్కున్న రిలే ఆరదు. యాప్‌లో ‘ఆఫ్’ అని కనిపిస్తూనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. మోటారును స్మార్ట్ ప్లగ్గుతో నడపాలనుకునేవారు ప్లగ్గుకు, మోటారుకు మధ్య కాంటాక్టర్‌ను అమర్చుకోవాలి. అప్పుడు ప్లగ్ కాంటాక్టర్‌ను మాత్రమే కదిలిస్తుంది, భారమంతా కాంటాక్టర్ మోస్తుంది.

రెండవది ఇంకా మౌలికమైనది. తొట్టిలో నీళ్లున్నాయో లేదో ప్లగ్గుకు తెలియదు. నీళ్లు రాని రోజున ఉదయం ఆరు గంటలకు మోటారును వేయమన్న ఆదేశం ఉంటే అది నిస్సంకోచంగా వేస్తుంది. నీరు లేకుండా తిరిగిన పంపు సీలు కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. అందువల్ల మోటారును వేళకు వేయడానికి కాక, మరచిపోకుండా ఆర్పడానికి మాత్రమే స్మార్ట్ ప్లగ్గును వాడడం వివేకం. మనిషి చూసి వేస్తాడు, ఇరవై నిమిషాల తర్వాత ప్లగ్ ఆర్పుతుంది. నీటి మట్టాన్ని గుర్తించి ఆర్పే ఫ్లోట్ స్విచ్చి ఉంటే దాని అవసరం కూడా లేదు.

ఉప్పుగాలి

తీరప్రాంతంలో ఇంటి సామాను ఎలా తుప్పు పడుతుందో అక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సాకెట్టు లోపలి ఇత్తడి పట్టీలకూ ఆ గతే పడుతుంది. పట్టీ వదులై, పైన పొర కడితే అక్కడ నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధం ఓమ్‌లో పదో వంతే అయినా, 10 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. గాలి ఆడని ఇరుకు చోట ఆ వేడి ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి సరిపోతుంది. స్మార్ట్ ప్లగ్ పెట్టడమంటే ఇటువంటి అతుకు ఒకటికి రెండు కావడమే. పైగా దాని బరువుకు పాత సాకెట్టు కిందికి వేలాడుతుంది. ఈ కారణంగా పాత సాకెట్టులో కొత్త స్మార్ట్ ప్లగ్ పెట్టేకన్నా ముందు సాకెట్టును మార్చడం మంచిది. గంటసేపు నడిచాక ప్లగ్ మీద చేయి వేస్తే గోరువెచ్చగా ఉండవచ్చు. చేయి నిలవనంత వేడిగా ఉంటే, రంగు మారితే, కాలిన వాసన వస్తే వెంటనే తీసివేయాలి. ఆరుబయట, వాన జల్లు తగిలే వరండాలో మామూలు స్మార్ట్ ప్లగ్గును వాడరాదు.

భారతీయ ప్రమాణాల సంస్థ ప్లగ్గులకు, సాకెట్లకు నిర్దేశించిన ప్రమాణం ఐఎస్ 1293. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తును, ఆంపియర్లను చూడాలి. దీవులకు సరకు చేరడానికి పట్టే కాలం, పాడైనదాన్ని వెనక్కి పంపడంలోని శ్రమ తెలిసినవారు ఒకటికి నాలుగు రూపాయలు ఎక్కువైనా అబర్డీన్ బజారులో చూసి, అక్కడే పెట్టించి చూపించమని కొనడానికి మొగ్గుచూపుతారు. అది సబబే.

ఇంటివారి చేయి

విదేశాలలో చాలాచోట్ల గోడ సాకెట్లకు విడిగా స్విచ్చి ఉండదు. మన ఇళ్లలో ప్రతి సాకెట్టుకూ ఉంటుంది. పడుకునేముందు స్విచ్చులన్నీ ఆర్పడం మన పెద్దల పద్ధతి, మంచి పద్ధతే. గోడ స్విచ్చి ఆరితే స్మార్ట్ ప్లగ్ కూడా ఆరినట్లే. ఎన్ని షెడ్యూళ్లు రాసినా ఫలితం ఉండదు. ప్లగ్ పనిచేయడం లేదన్న ఫిర్యాదులకు ఇది కూడా ఒక కారణం కాగలదు. ఆ స్విచ్చి మీద చిన్న కాగితం అంటించడం కన్నా మంచి పరిష్కారం ఇంతవరకు ఏ యాప్‌లోనూ లేదు.

మాటతో నడిపే సౌకర్యం గురించి కూడా కొంత. అమెజాన్ అలెక్సా 2019 సెప్టెంబరు నుంచి హిందీలో ఆదేశాలు స్వీకరిస్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే దీవుల కుటుంబాలకు అది ఇబ్బంది కాదు. కానీ ఆ మాట ఇంటి గడప దాటి, సముద్రం దాటి కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అర్థమై, ఆదేశంగా తిరిగి రావాలి. నెట్ లేని రాత్రి పిలిచినా పలకదు.

దూరం నుంచి వేయడం గురించి ఒక హెచ్చరిక అవసరం. ఆర్పడం ఎక్కడి నుంచైనా ఆర్పవచ్చు. వేయడం అలా కాదు. ఇస్త్రీపెట్టె బట్టల మీద ఉందో, ఇండక్షన్ పొయ్యి మీద ఏముందో, ప్లగ్ దగ్గర పనిమనిషి చేయి ఉందో విశాఖపట్నంలో కూర్చున్నవారికి కనిపించదు. వేడినిచ్చేవి, తిరిగేవి చూస్తూ ఉన్నవారే వేయాలి. యాప్‌లో ఆర్పినంత మాత్రాన ఉపకరణాన్ని విప్పి బాగుచేయడం కూడా ప్రమాదకరం. ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా తీశాకే ముట్టుకోవాలి.

ఎంత ఆదా?

ప్రకటనలలో కనిపించే ఆదా మాటను కాస్త లెక్క వేసి చూడాలి. నిరంతరం 10 వాట్లు లాగే సెట్‌టాప్ బాక్సును రాత్రి 8 గంటలు ఆర్పితే రోజుకు 80 వాట్-గంటలు, నెలకు 2.4 యూనిట్లు మిగులుతాయి. స్మార్ట్ ప్లగ్ తన కోసం తాను దాదాపు ఒక వాట్ తీసుకుంటుందనుకుంటే నెలకు 0.72 యూనిట్లు దానికే పోతాయి. నికరంగా మిగిలేది 1.7 యూనిట్లు. దీవుల లెక్కలో చెప్పాలంటే దాదాపు అర లీటరు డీజిల్. బిల్లులో ఇది పెద్దగా కనిపించదు. సెట్‌టాప్ బాక్సు స్విచ్చిని చేతితో ఆర్పితే పూర్తి 2.4 యూనిట్లూ మిగులుతాయన్నది కూడా నిజమే. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ వంటి పనులను సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండే పట్టపగటికి మార్చుకుంటే గ్రిడ్‌కు కలిగే మేలు అంతకన్నా ఎక్కువ. శ్రీ విజయపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 11 గంటల 20 నిమిషాల ప్రాంతంలో.

సర్వర్ మూతపడితే

చాలా స్మార్ట్ ప్లగ్గులు కంపెనీ సర్వర్ మీద ఆధారపడి పనిచేస్తాయి. పక్క గదిలోని దీపానికి ఇచ్చే ఆదేశం కూడా ఎక్కడో ఉన్న సర్వర్‌ను తాకి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే సంస్థ సర్వర్లు ముందస్తు సమాచారం లేకుండా ఆగిపోవడంతో కొనుగోలుదారులు యాప్ ద్వారా తమ ఇళ్ల పరికరాలను నడపలేకపోయారు. బెల్కిన్ సంస్థ తన వీమో పరికరాలలో అధిక భాగానికి 2026 జనవరి 31తో సేవలు నిలిపివేస్తామని 2025లో ప్రకటించింది. ఈ పరిస్థితికి విరుగుడుగా పలు కంపెనీలు కలిసి రూపొందించిన ‘మ్యాటర్’ ప్రమాణం 2022 అక్టోబరులో వెలువడింది. ఈ ప్రమాణాన్ని పాటించే ప్లగ్గులను ఇంట్లోని వైఫై పరిధిలోనే, ఇంటర్నెట్ లేకుండా నడపవచ్చు. దీవులలో కొనేవారికి పెట్టె మీద చూడవలసిన గుర్తులలో ఇదొకటి. చాలా ప్లగ్గులు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతో మాత్రమే పనిచేస్తాయన్నది కూడా కొనేముందు తెలుసుకోవలసిన విషయం.

భద్రత కోణం కూడా ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో ప్రముఖ వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. రౌటర్ పాస్‌వర్డు మార్చుకోవడం, యాప్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం అవసరం. ఏ దీపం ఎప్పుడు వెలిగిందన్న వివరాలను బట్టి ఇంట్లో మనుషులున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. సంక్రాంతికి ఊరు వెళ్తూ దొంగల కంట పడకూడదని దీపం పెట్టుకున్నవారు, ఆ ఖాతా పాస్‌వర్డును పదిమందితో పంచుకుంటే ప్రయోజనం ఉండదు.

ప్రయాణానికి ముందు ఒక పరీక్ష

కొత్త ప్లగ్గును నమ్మి ఇల్లు విడిచేముందు చేయదగిన పరీక్షకు పావుగంట చాలు. వచ్చే పది నిమిషాలలో దీపం వెలగాలని యాప్‌లో వేళ నిర్ణయించాలి. తర్వాత రౌటర్‌ను ఆర్పాలి. ఇంటి మెయిన్ స్విచ్చిని ఆర్పి, ఒక నిమిషం ఆగి, రౌటర్‌ను మాత్రం ఆర్పిన స్థితిలోనే ఉంచి మెయిన్ వేయాలి. ప్లగ్ ఏ స్థితికి వచ్చిందో గమనించాలి. నిర్ణయించిన వేళకు దీపం వెలిగిందో లేదో చూడాలి. వెలగకపోతే ఆ ప్లగ్గుకు సొంత గడియారం లేదని తేలినట్లు. ఆపై రౌటర్‌ను కూడా వేసి, ఎంతసేపటికి ప్లగ్ యాప్‌లో తిరిగి కనిపించిందో చూసుకోవాలి. ఫ్రీజర్ ఉన్న ఇల్లయితే పక్కింటివారికి ఒక తాళంచెవి ఇచ్చి, ప్లగ్ పక్కనున్న బొత్తం ఎక్కడుందో చూపించి, దాని మీద తెలుగులో ‘ఫ్రీజర్ – ఆర్పవద్దు’ అని రాసి ఓడ ఎక్కవచ్చు.